వాచ్‌మన్ తాత సీకో వాచీకి అసలు చైను వెతికిన కథ

ఈ వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థుల తరఫున ఏదైనా ఒక వ్యాసం ఇవ్వమని సంచిక కమిటీ తమ్ముళ్లు అడిగినప్పుడు, హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామా, పోటీ పరీక్షల గురించి రాద్దామా అని మేము నలుగురం కొంత తర్జనభర్జన పడ్డాము. పోటీ పరీక్షల గురించి రాయడానికి మాకంటే అర్హులు ఉన్నారు. జ్ఞాపకాలు ప్రతి సంచికలోనూ వస్తూనే ఉన్నాయి. గడిచిన రెండేళ్లుగా మేము ఒక పాత జపాన్ వాచీకి దాని అసలు స్టీలు చైను వెతికే పనిలో తిరిగాము. ఆ తిరుగుడులో నేర్చుకున్నది రాస్తే ఎవరికైనా ఉపయోగపడుతుందని చివరికి తీర్మానించుకున్నాము. మీ ఇళ్లలోనూ నాన్నదో, మేనమామదో ఒక పాత సీకో, సిటిజెన్ వాచీ పెట్టె అడుగున పడి ఉండే ఉంటుంది.

ఆ వాచీ మాది కాదు. మా హాస్టల్ వాచ్‌మన్ తాతది. మేము గద్వాలలో చదువుకున్న 1990లలో ఆయన అంత ముసలివాడేమీ కాదు. తల ముందే నెరిసినందువల్ల అందరికీ తాత అయిపోయాడు. ఆ రోజుల్లో వంద మంది పిల్లలున్న హాస్టల్లో గోడ గడియారం వార్డెన్ గారి గదిలో ఉండేది, ఆ గదికి తాళం ఉండేది. కాబట్టి పొద్దున 5 గంటల స్టడీ అవర్ బెల్లు, టిఫిను బెల్లు, రాత్రి లైట్లు ఆర్పే బెల్లు అన్నీ తాత ఎడమ చేతికున్న వాచీని బట్టే మోగేవి. వాళ్ల తమ్ముడు దుబాయి నుంచి తెచ్చి ఇచ్చిన వాచీ అది. మన పాలమూరు నుంచి ఎక్కువ మంది బొంబాయి, పూనా పనులకు పోయేవాళ్లే గానీ గల్ఫ్‌కు పోయినవాళ్లు తక్కువ. అందుకే ఆ వాచీకి మా దగ్గర ఒక గౌరవం ఉండేది. దాని కిటికీలో వారం పేరు ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి అరబ్బీలో వచ్చేది. అరబ్బీ అక్షరాలు చూపించమని మేము తాత చుట్టూ మూగేవాళ్లం.

1996లో అనుకుంటాము, ఒక రోజు బోరింగు దగ్గర ఆ చైను తెగింది. అప్పటి నుంచి తాత వాచీని అంగీ జేబులో వేసుకోవడం మొదలుపెట్టాడు. వారం తిరక్కుండా బెల్లులు ఆలస్యం కావడం మొదలైంది. ఒక రోజు పొద్దున బెల్లు ఏకంగా గంటన్నర ఆలస్యమై, పరీక్షల రోజు కావడంతో తాత అందరి ముందూ మాట పడ్డాడు. మేమంతా వాచీ పాతదైపోయింది అనుకున్నాము. అసలు కారణం ఇన్నేళ్ల తర్వాత తెలిసింది. వాచీలో లోపమేమీ లేదు, తప్పంతా చైను లేకపోవడంలోనే ఉంది.

ఎలాగో చెబుతాము. తాత వాచీ సీకో 5. లోపలి యంత్రం సంఖ్య 7009. అది ఆటోమేటిక్, అంటే బ్యాటరీ లేదు. లోపల అర్ధచంద్రాకారంలో ఒక బరువు ఉంటుంది. చెయ్యి కదిలినప్పుడల్లా అది అటూ ఇటూ తిరిగి స్ప్రింగును చుడుతుంది. ఎటు తిరిగినా చుట్టేలా రెండు కొక్కేలున్న ఒక చిన్న మీట ఉంటుంది. సీకో వాళ్లు 1959లో తెచ్చిన ఏర్పాటు అది, దానికి మ్యాజిక్ లీవర్ అని పేరు పెట్టుకున్నారు. ఈ 7009 రకంలో చేత్తో కీ ఇచ్చే వీలు లేదు. కీ తిప్పితే తేదీ, టైము మారతాయి గానీ స్ప్రింగు చుట్టుకోదు. చేతికి కట్టుకుని తిరిగితేనే అది బతుకుతుంది. అలాంటి వాచీని కదలిక లేని జేబులో వేసుకుంటే, ఉన్న చుట్టు కాస్తా అయిపోగానే నెమ్మదిస్తుంది, ఆగిపోతుంది. తాత పడ్డ మాటలన్నీ తెగిన ఒక చైను వల్ల పడ్డవి. ఈ సంగతి తెలిశాక మాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి అనుకుంటారు గానీ, మాలో ఒకరికి నిజంగానే పట్టలేదు. ఆ రోజు తాతను చూసి నవ్విన వాళ్లలో మేమూ ఉన్నాము.

తాత పదవీ విరమణ చేసి ఊళ్లో ఉంటున్నాడు. రెండేళ్ల కిందట చూడడానికి పోయినప్పుడు వాచీ అడిగితే తెచ్చి చూపించాడు. అద్దం మీద గీతలు, కొసన చిలుము, ఒక వైపు తెగిన చైను తాలూకు చిన్న ముక్క ఇంకా అతుక్కునే ఉంది. బాగు చేయించి ఇస్తామని తీసుకున్నాము. గద్వాలలో ఒక మెకానిక్ విప్పి చూసి, లోపల నూనె ఎండిపోయిందే తప్ప అరిగిందేమీ లేదన్నాడు. కడిగి, నూనె వేసి వారంలో నడిపించాడు. ఇక మిగిలింది చైను. పది నిమిషాల పని అనుకున్నాము, రెండేళ్లు పట్టింది.

మొదట చేసిన పొరపాటు చెబుతాము. ఒక పట్నంలో ఒక దుకాణానికి పోయి "సీకో చైను కావాలి" అని అడిగాము. తళతళలాడే చైను ఒకటి చూపించారు, లాకు మీద సీకో అని ఉంది. కొని వేయించాము. రెండు రోజులకే ఏదో తేడా ఉందనిపించింది. వాచీకీ చైనుకూ మధ్య వెలుతురు కనిపిస్తోంది. చెయ్యి కదిపితే టకటక చప్పుడు. మూడు నెలలకు పైపూత పొరలుగా లేచి కింద పసుపు లోహం కనిపించింది. స్టీలు కాదు, ఇత్తడి మీద పూత. పోయిన డబ్బుల కంటే పెద్ద నష్టం ఇంకొకటి తప్పింది. ఆ కొత్త చైను వేసేటప్పుడు దుకాణంలో పాత తునక ఊడదీసి చెత్త డబ్బాలో పడేశారు. మాలో ఒకరికి ఎందుకో మనసొప్పక దాన్ని ఏరి జేబులో వేసుకున్నాడు. మొత్తం వెతుకులాటకు ఆ తునకే ఆధారమైంది.

అసలు చైను అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి, లేకపోతే మాలాగే మోసపోతారు. ఒక అర్థంలో, ఆ వాచీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దాంతో పాటు వచ్చిన అదే చైను. అది పోతే మళ్లీ దొరకదు, ఎక్కడో మట్టిలో ఉంటుంది. రెండో అర్థంలో, ఆ నమూనా వాచీకని కంపెనీ వేసిన రకం చైను, వేరే వాచీ మీద నుంచి వచ్చినదైనా సరే. మూడోది, అదే కంపెనీది, అదే కాలానిది, కొలత సరిపోయేది. అమ్మేవాళ్లు ఈ మూడింటినీ, ఒక్కోసారి నాలుగోదైన నకిలీని కూడా ఒకే మాటతో 'ఒరిజినల్' అంటారు. మనం రెండోదాని కోసం వెతకాలి, దొరకకపోతే మూడోదానికి ఒప్పుకోవాలి. పాత కాలపు అమ్మకాల క్యాటలాగుల బొమ్మలు చూసినా జాగ్రత్త అవసరం. జపాన్‌లో అమ్మిన వాచీకీ, గల్ఫ్‌లో అమ్మిన వాచీకీ కేసు ఒకటే అయినా చైను వేరుగా ఉండడం మామూలే. తాత వాచీలో అరబ్బీ వారాలు ఉన్నాయంటే అది అరబ్బు దేశాల మార్కెట్ కోసం తయారైంది. దానికి జపాన్ క్యాటలాగు బొమ్మను సాక్ష్యంగా తీసుకోలేము.

మొదటి పని వాచీని వెనక్కి తిప్పి చదవడం. సీకో వాచీ వెనక మూత మీద నాలుగంకెలు, ఒక గీత, మళ్లీ నాలుగు అంకెలు లేదా అక్షరాలు ఉంటాయి. గీతకు ముందున్నది యంత్రం సంఖ్య, తర్వాతది కేసు సంఖ్య. చైనుకు కావలసింది ఈ రెండో భాగం. యంత్రం ఒకటే అయినా కేసులు పదుల రకాలు, కేసు ఆకారాన్ని బట్టే చైను. పక్కనే ఇంకో వరుస అంకెలుంటాయి, అది వరుస సంఖ్య. అందులో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. అక్టోబరుకు సున్నా లేదా ఓ అక్షరం, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి. తాత వాచీ మీద మొదటి రెండంకెలు 5, 8. అంటే ఆగస్టు, 5తో ముగిసే ఏదో ఏడు. 1975 కావచ్చు, 1985 కావచ్చు, ఆ సంగతి అంకె చెప్పదు. కానీ 7009 యంత్రం 1970ల రెండో సగంలో గానీ రాలేదు. కాబట్టి 1985 ఆగస్టు. తాతకు ఈ మాట చెబితే "మా తమ్ముడు వచ్చింది ఆ మరుసటి ఏడే" అన్నాడు. లెక్క కుదిరింది. సిటిజెన్ వాచీలైతే చాలావాటిలో మొదటి అంకె సంవత్సరం, తర్వాతి రెండంకెలు నెల.

డయల్ అడుగున, 6 అంకె కింద, భూతద్దంతో మాత్రమే కనిపించే అక్షరాల్లో కూడా ఒక సంఖ్య ఉంటుంది. దాని మొదటి నాలుగంకెలు వెనక మూత మీది యంత్రం సంఖ్యతో కలవాలి. కలవకపోతే వాచీని నాలుగు వాచీల ముక్కలతో కూర్చి ఉంటారు. డయల్‌కు కొత్త రంగు వేసి, ఎక్కడెక్కడివో ముక్కలు కలిపి అమ్మే వ్యాపారం మన దేశంలో పెద్దదే, విదేశాల్లో వాచీలు సేకరించేవాళ్లు ఈ రకం సరుకుకు బొంబాయి పేరే పెట్టేశారు. అలాంటి వాచీకి అసలు చైను వెతకడం దండగ.

ఇక ఆ తునక సంగతి. చైనుకు రెండు చివర్లా, వాచీ గుండ్రదనానికి ఆనుకునేలా వంపు తిరిగిన ముక్కలుంటాయి, ఎండ్ పీసులంటారు. చైను మొత్తంలో కీలకం ఇవే. మామూలు లింకులు ఒక చైనువి ఇంకో చైనుకు పనికి రావచ్చు గానీ ఎండ్ పీసు ఆ కేసుకే పుడుతుంది. మేము ఏరుకున్న తునకను గోరువెచ్చటి సబ్బు నీళ్లలో నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో తోమితే, దాని లోపలి వైపు అచ్చు గుద్దిన సంఖ్య బయటపడింది. నలభై ఏళ్ల చెమట, మట్టి దాన్ని కప్పి ఉంచాయి. ఆ రోజు నుంచి మేము దుకాణాల్లో సీకో చైను అని అడగడం మానేసి, ఆ సంఖ్య కాగితం మీద రాసుకుని చూపించడం మొదలుపెట్టాము. అడిగే తీరు మారేసరికి జవాబులు కూడా మారాయి. నకిలీ అమ్మేవాళ్లు కాగితం చూడగానే పక్కకు తిరిగేవాళ్లు. పని తెలిసిన ముసలి మెకానిక్కులు మాత్రం కళ్లద్దాలు సర్దుకుని, "ఇటు ఇయ్యి" అని తీసుకునేవాళ్లు.

కొలత గురించి కూడా చెప్పాలి. చైను బిగించే రెండు కొమ్ముల మధ్య వెడల్పు మిల్లీమీటర్లలో ఉంటుంది. 18, 19, 20 ఎక్కువగా కనిపిస్తాయి. తాత వాచీది 19. మేము మొదట కొన్న నకిలీ 18, అందుకే వెలుతురు, అందుకే చప్పుడు. ఇంటర్ చదివే తమ్ముళ్లు ఫిజిక్స్ ల్యాబులో వెర్నియర్ కాలిపర్స్ ఎందుకని విసుక్కుంటారు గదా, మేమూ విసుక్కున్నాము. పదో వంతు మిల్లీమీటరు తేల్చడానికి అదే కావాల్సి వచ్చింది, జూనియర్ కాలేజీలో పనిచేసే మా మిత్రుడి దయవల్ల దొరికింది. అయితే వెడల్పు సరిపోయినంత మాత్రాన చైను సరిపోదు. కొమ్ముల్లో స్ప్రింగు పిన్ను కూర్చునే రంధ్రం కేసుకు ఎంత దూరంలో ఉందన్నది నమూనాను బట్టి మారుతుంది. అది తేడా ఉంటే ఎండ్ పీసు పైకి లేస్తుంది, లేదా అసలు దూరదు. దూరకపోతే ఆకురాయితో గీకి దూర్చే మహానుభావులున్నారు. వాళ్ల చేతికి వాచీ ఇవ్వకండి.

అసలు జపాన్ వాచీల చైన్లు మన దగ్గర ఇంత అరుదు ఎందుకు? ఇంత ఎక్కువ వాచీలు ఉన్నాయి కదా అని మాకు అనుమానం వచ్చింది. మన దేశంలో జపాన్ పరిజ్ఞానం కొత్తది కాదు. హెచ్.ఎం.టి. వాళ్లు 1961లో బెంగుళూరులో వాచీ ఫ్యాక్టరీ పెట్టింది సిటిజెన్ కంపెనీ సహకారంతోనే. 2016లో కేంద్ర ప్రభుత్వం హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసివేయాలని నిర్ణయించే దాకా ఆ పేరు నడిచింది. మన హైదరాబాదు ఆల్విన్ అయితే ఇంకా దగ్గర. నిజాం కాలంలో 1942లో మొదలై ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన ఆ కంపెనీ 1981లో సీకో సహకారంతో వాచీలు మొదలుపెట్టింది. మా నాన్నల తరంలో పెళ్లికి ఆల్విన్ వాచీ పెట్టడం గొప్ప. ఇవన్నీ ఇక్కడ తయారైనవి, వీటి విడి భాగాలు ఇక్కడే దొరికేవి. కానీ సీకో 5 లాంటివి ఎక్కువగా గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల చేతుల మీదుగానో, దొంగచాటుగానో దిగాయి. 1991కి ముందు విదేశీ వాచీల దిగుమతి మీద ఉన్న ఆంక్షలు అలాంటివి. దొడ్డిదారిన వచ్చిన వాచీకి విడి భాగాలు ముందు దారిన రావు గదా. చైను తెగితే అతికించేది లేక, లోకల్ చైనో, తోలు బెల్టో వేసి, పాతది చెత్తలో పారేసేవారు. వాచీ మిగిలింది, చైను పోయింది.

ఇంకొక కారణం చైనులోనే ఉంది. సీకో 5 అన్న పేరులోని ఐదు, ఐదు గుణాలకు గుర్తు. ఆటోమేటిక్ కావడం, వారం తేదీ ఒకే కిటికీలో ఉండడం, నీటిని తట్టుకోవడం, కీ నాలుగో అంకె దగ్గర లోపలికి ఒదిగి ఉండడం, గట్టి కేసు, గట్టి చైను. 1963లో ఈ వరుస మొదలైనప్పటి నుంచి ప్రచారంలో ఉన్న సంగతి. అంటే చైను లేని సీకో 5 ఐదో గుణంలో సగం పోగొట్టుకున్నట్టే. అయినా ఎంత గట్టి చైనైనా అరుగుతుంది. ఆ కాలపు మామూలు రకం చైన్లు పోత స్టీలు లింకులు కావు, పలుచని స్టీలు రేకును మడిచి చేసినవి. బరువు తక్కువ, ఖరీదు తక్కువ. మడతల మధ్య దుమ్ము చేరి, చెమటతో కలిసి సానరాయి పిండిలా పని చేస్తుంది. ఏళ్ల తరబడి లింకుల రంధ్రాలు కోలగా అవుతాయి. చైనును పక్కకు తిప్పి అడ్డంగా పట్టుకుంటే వంతెనలా నిలవాలి, తాడులా వేలాడితే అరిగిందని అర్థం. కొనేటప్పుడు ఈ ఒక్క పరీక్ష తప్పక చేయండి.

స్టీలుకు తుప్పు పట్టదని అనుకుంటాము. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది, అది గాలిలోని ఆక్సిజనుతో కలిసి కంటికి కనిపించని పొర కడుతుంది, ఆ పొరే రక్షణ. చెమటలోని ఉప్పు ఆ పొరను గుచ్చుతుంది. గాలి తగిలే చోట పొర మళ్లీ కట్టుకుంటుంది గానీ, ఎండ్ పీసు కింద, లింకుల సందుల్లో గాలి ఆడదు కాబట్టి అక్కడ గుంటలు పడతాయి. మన గద్వాల ఎండల్లో చెమటకు కొదవేమీ లేదు. చైను వాచీ నుంచి విడదీసి నెలకోసారి సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టేవాళ్లు ఎందరున్నారు? వాచీని మాత్రం నీళ్లలో ముంచకండి. దాని లోపలి రబ్బరు వాషరు నలభై ఏళ్లలో రాయి అయిపోయి ఉంటుంది.

వెతికిన చోట్లు చెబితే నవ్వుతారు. హైదరాబాదులో పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజారుకు నాలుగు గురువారాలు పోయాము. ఎర్రగడ్డ ఆదివారం అంగడికి ఎన్నిసార్లు పోయామో లెక్క లేదు. ముంబైలో ఉన్న మిత్రుడు చోర్ బజారులో తిరిగాడు. పాత చైన్లు కిలోల లెక్కన కుప్పలుగా ఉంటాయి, అందులో మనకు కావలసింది ఉండదు. చెడిపోయిన వాచీ చైనుతో సహా కొనడం ఒక్కోసారి విడి చైను కంటే చవక పడుతుందని అక్కడే తెలిసింది. అంతర్జాల అమ్మకాల్లో విదేశాల నుంచి తెప్పించుకోవచ్చు గానీ, వాచీ ఖరీదును మించి అయ్యేలా ఉంది. ఎండ్ పీసు లోపలి వైపు, లాకు లోపలి వైపు ఫోటోలు ఇవ్వమని అడిగితే ఇవ్వని వాళ్ల దగ్గర కొనకూడదు, ఇదొక్కటే మా సలహా. లాకు లోపల స్టెలక్స్ అన్న పేరు చూసి కొందరు నకిలీ అని పారేస్తారు. అది పొరపాటు. స్టెలక్స్ హాంకాంగ్ కంపెనీ, సీకోకు చైన్లు చేసి ఇచ్చింది. జపాన్ వాచీ అసలు చైను జపాన్‌లోనే తయారై ఉండాలని లేదు. నకిలీని గుర్తు పట్టేది అక్షరాలను చూసి. అసలు లాకు మీద పేరు లోహంలోకి లోతుగా అచ్చు గుద్ది ఉంటుంది, లేదా విడిగా చేసి గట్టిగా బిగించి ఉంటుంది. నకిలీ మీద పైపైన గీసినట్టో, జిగురుతో అంటించినట్టో ఉంటుంది.

చివరికి దొరికింది పక్కనే. గద్వాల నుంచి రాయచూరుకు రైలు మార్గం 2013లో పడిందన్న సంగతి మీకు తెలుసు. ఏదో పెళ్లికి రాయచూరు పోయిన మా వాడు, అలవాటు కొద్దీ ఒక పాత వాచీల దుకాణంలో ఆ కాగితం చూపించాడు. ఆ ముసలాయన బల్ల కింద నుంచి బిస్కెట్ల రేకు డబ్బా తీశాడట. కస్టమర్లు బెల్టు వేయించుకుని వదిలేసి పోయిన చైన్లు, ఏనాటి నుంచో ఒక్కటీ పారేయలేదట. అరగంట వెతికి ఒకటి తీసి ఇచ్చాడు. ఎండ్ పీసుల లోపల అదే సంఖ్య. లాకు బాగానే ఉంది. పట్టుకుంటే వంతెనలా నిలిచింది. మూడు వందలు అడిగాడు, మా వాడు బేరం ఆడలేదు.

కానీ పొట్టిది. మన దగ్గర కొన్న రోజే చేతి కొలతకు లింకులు తీసేస్తారు, తీసినవి ఎక్కడో పోతాయి. అందుకే పాత చైన్లు దాదాపు అన్నీ పొట్టివే. కొనే ముందు మణికట్టును దారంతో కొలిచి, చైను లోపలి పొడవు అడగాలి. మేము ఇన్ని తెలిసీ ఆ సంతోషంలో అది మరిచిపోయాము. నాలుగు లింకులు తక్కువ. నాలుగు లింకుల కోసం మళ్లీ ఎన్ని గురువారాలు?

ఈ సంగతి చెప్పి కొంచెం టైము అడుగుదామని తాత ఇంటికి పోయాము. మా మాటలు విని తాత భార్య, మేము అవ్వ అని పిలిచే ఆమె, "తెగిన సైనా? అది ఉన్నది గదా" అంటూ లోపలికి పోయింది. రేషను కార్డు, పట్టా పాసుబుక్కు పెట్టుకునే రేకు పెట్టెలోంచి గుడ్డ మూట తెచ్చింది. అందులో 1996లో తెగిన చైను. ఒక ఎండ్ పీసు, లాకు లేవు గానీ లింకులు ఉన్నాయి. అదే మడత, అదే గీతల పని. రెండేళ్లు ఊళ్లు తిరిగిన మేము, ఇంట్లో పాత చైను ఉందా అని ఒక్క మాట అడగలేదు. "మీరు అడగలే, నేను చెప్పలే" అన్నది అవ్వ. ఆమె మాటలో తప్పేమీ లేదు.

లింకులు కలిపే పని మేమే చేసుకున్నాము. లింకుల అడుగు వైపు చిన్న బాణం గుర్తులుంటాయి. పిన్ను రకమైతే బాణం చూపే వైపు నెట్టి తీయాలి, తిరిగి ఎదురు వైపు నుంచి వేయాలి. మా దాని లాంటి మడత రేకు చైన్లలో పిన్ను ఉండదు, అడుగున చిన్న నాలుక లాంటి రేకు ఉంటుంది, దాన్ని సన్నటి బ్లేడుతో మెల్లగా లేపాలి. రెండుసార్లకు మించి లేపితే విరుగుతుంది. స్ప్రింగు పిన్నులు మాత్రం పాతవి వాడకండి, పది ఇరవై రూపాయల దగ్గర కక్కుర్తి పడితే వాచీ నేల మీద ఉంటుంది. నీళ్లలో ఈదే రకం సీకో డైవర్ వాచీలకైతే 2.5 మిల్లీమీటర్ల లావు పిన్నులు కావాలి, మామూలువి అందులో వదులు. మెరుగు పట్టించమని కొందరు సలహా ఇచ్చారు, మేము ఒప్పుకోలేదు. పాలిషు చక్రం మీద పెడితే అద్దంలా మెరుస్తుంది నిజమే, కానీ ఫ్యాక్టరీలో గీసిన సన్నటి గీతలు పోతాయి, రేకు ఇంకా పలుచనవుతుంది. తాత చేతి మీద పడ్డ గీతలు తాతవే, ఉండనిచ్చాము.

చైనులో ఇప్పుడు రాయచూరు లింకులూ ఉన్నాయి, తాత లింకులూ ఉన్నాయి. దగ్గరగా చూస్తే మెరుపులో తేడా తెలుస్తుంది. దీన్ని అసలు చైను అనవచ్చా అని మాలో మాకు వాదన జరిగింది. ఒకడు అనకూడదన్నాడు, ముగ్గురం అనవచ్చన్నాము. ఎప్పుడైనా ఎవరైనా కొంటామని వస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పాలని మాత్రం నలుగురం ఒప్పుకున్నాము, తాత అమ్మడనుకోండి.

మొన్న పోయి వాచీ ఇచ్చాము. తాత చేతికి పెట్టుకుని లాకు వేసుకున్నాడు. వాచీ మణికట్టు మీద నుంచి జారి ముంజేతి మీదికి పోయింది. మేము కొలత 1996 నాటి చైనును బట్టి పెట్టాము, ఆయన చెయ్యి ఈ ఇరవై ఎనిమిదేళ్లకు పైగా ఎంత సన్నబడిందో ఆలోచించలేదు. "నా చెయ్యి తగ్గింది గదా నాయనా" అన్నాడు తాత. అక్కడే అరుగు మీద కూర్చుని మళ్లీ మూడు లింకులు తీశాము. తీసినవాటిని అవ్వ చెయ్యి చాచి అడిగి తీసుకుని, ఆ గుడ్డ ముక్కలోనే కట్టి పెట్టెలో పెట్టింది.